ఇరవై మీటర్ల సముద్రం

మా బడి వరండాలో చిలీ దేశం ఆరడానికి మూడు రోజులు పట్టింది. శ్రావణమాసపు ముసురు మరి. ఉత్తరాన ఎడారి గట్టిపడి చక్కగా పగుళ్లు కూడా తేలింది గాని, దక్షిణాన మంచుకొండలు ఇంకా జిగురు జిగురుగానే ఉన్నాయి. ఈలోగా మధ్యాహ్నం భోజనం గంట కొట్టగానే ఏడో తరగతి మంద పరుగెత్తుకొచ్చి రాజధానిని తొక్కేసింది.

"ఒరేయ్, శాంటియాగోని తొక్కితే శాంతియాగం చెయ్యాల్రా!" అని అరిచాను.

ఎవరూ నవ్వలేదు. ఇరవై రెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను, పిల్లలు అలవాటు పడిపోయారు. నా పేరు సన్యాసిరావు. సంసారిని.

ప్రపంచంలో అన్ని దేశాలుండగా చిలీయే ఎందుకంటే, మా వరండాకి అతికినట్టు సరిపోయేది అదొక్కటే. సన్నగా, పొడుగ్గా, అచ్చం ఎండుమిరపకాయలా ఉంటుంది. పేరు కూడా అందుకు తగ్గట్టే పెట్టుకున్నారు. మీటరుకి వెయ్యి కిలోమీటర్ల లెక్కన నాలుగు మీటర్ల పైచిలుకు వస్తుంది, ఆ పైచిలుకే మెట్ల మీదికి దిగింది. రష్యాని చెయ్యాలంటే పంచాయతీ తీర్మానం కావాలి.

అయితే మట్టితో దేశం చెయ్యడం మా బడికి కొత్త కాదు. ఈసారి కొత్తది మా చెల్లెలు హైమావతి తెచ్చిన యంత్రం. హైమ విశాఖపట్నంలో మెదడు మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఐదేళ్లు కూర్చుని దీన్ని తయారు చేసింది. పేరు పాదపటం. చేతికి ఒక జత తొడుగులు, కాలికి ఒక జత మందపాటి చెప్పులు, నుదుటికి ఒక పట్టీ, అంతే. తొడుగులు వేసుకుని మట్టితో కొండ చేస్తే ఆ కొండ వాలు యంత్రానికి తెలుస్తుంది. తరువాత పట్టీ కట్టుకుని, చెప్పులు తొడుక్కుని ఆ మట్టి పక్కన నడిస్తే కాలికింద నేల ఎక్కుతుంది, దిగుతుంది, గరగరలాడుతుంది, జారుతుంది. అరగంట నడిస్తే చాలు. ఆ దేశంలో పుట్టి పెరిగినట్టు ఒళ్లంతటికీ దారులు తెలిసిపోతాయి.

"పాఠం కంటి నుంచి కాదన్నయ్యా, పాదం నుంచి ఎక్కుతుంది," అంది హైమ.

"పాఠం, పటం, పాదం. మంచి కుటుంబం," అన్నాను.

"నీ జోకులు మాత్రం ఎటు నుంచీ ఎక్కవు," అని తను పట్టీ సర్దుతూ కూర్చుంది.

మొదట ఎవరు నడవాలన్న తగాదా లేకుండా మా ఆరో తరగతి పిల్లలందరూ ఒకే పేరు చెప్పారు. పైడిరత్నం. పన్నెండేళ్ల పిల్ల, పుట్టుకతోనే చూపు లేదు. తల్లీ తండ్రీ లేరు, అమ్మమ్మ అప్పలనరసమ్మ ఒడ్డున చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. దక్షిణాన దీవులన్నీ పైడే చేసింది. దీవికీ దీవికీ మధ్య నీటి సందుల్ని చిటికెనవేలితో ఎంత నాజూగ్గా గీసిందంటే, అట్లాసులో అచ్చేసినవాడు చూస్తే రాజీనామా ఇచ్చేవాడు.

మిగతా పిల్లలకి ఇదొక ఆట, పైడికి అలా కాదు. చెప్పులు తొడుక్కుని ఉత్తరాన ఎడారిలో మొదటి అడుగు వేసిందో లేదో, రెండు చేతులూ చాపి ఆగిపోయింది.

"మాస్టారూ! ఇసక! కాలు కాల్తన్నాది!"

"నడు తల్లీ, కిందికి నడు."

"తూరుపేపు కొండలున్నాయి. ఓలమ్మో, ఎంతెత్తు! ఇటేపు... ఇటేపు సముద్రం మాస్టారూ! పడమరేపు!"

అరగంట తరువాత మెట్ల దగ్గర మంచులో నిలబడి వణికింది. నిజంగానే వణికింది. చిలీలో చలి మరి. పట్టీ విప్పుతుంటే హైమ చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాను ఒక దేశం సూసీసినానండీ," అంది. హైమ ముఖం పక్కకి తిప్పుకుంది. ఆ మధ్యాహ్నం నాకు కూడా జోకేమీ తట్టలేదు.

మూడు రోజుల్లో ఇరవై ఒక్కమందీ నడిచారు. హైమ యంత్రాన్ని సర్దుకుని విశాఖ వెళ్లిపోయింది. నెలాఖరుకి నివేదిక ఇస్తే, వచ్చే ఏడు ఇది జిల్లాలోని బడులన్నిటికీ వస్తుందట.

ఇక్కడ మా గుల్లలపేట సంగతి ఒకటి చెప్పాలి. మా ఊళ్లో కుడి, ఎడమ అని ఎవరూ అనరు. అన్నం తింటుంటే "ఆ పచ్చడి గిన్నె ఉత్తరానికి జరుపు" అంటారు. మంచం మీద పడుకున్నవాణ్ని "కాస్త దక్షిణానికి పొర్లు" అంటారు. మంగలి అయితే నా తూర్పు చెంప గీకి, పడమటి చెంపకి సబ్బు రాస్తాడు, మధ్యలో నేను కుర్చీ తిప్పుకున్నానంటే అంతే సంగతులు. ఇన్ని దిక్కులున్న ఊళ్లో పైడికి కళ్లతో పనిలేకపోయింది. ఇంటి గుమ్మం నుంచి తూర్పుకి నలభై అడుగులు, ఉత్తరానికి తిరిగి పంపు దాకా పదహారు, మళ్లీ తూర్పుకి తిరిగితే ఒడ్డు. బడికి, కొట్టుకి, అమ్మమ్మ దగ్గరికి కర్ర లేకుండా, చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా తిరిగేది. ఎదురుపడితే నాకే చెప్పేది, "మాస్టారూ, పడమరకి తప్పుకోండి, బురద ఉంది," అని.

హైమ వెళ్లిన మర్నాడు పొద్దున బడి ప్రార్థనలో పిల్లల్ని "తూర్పుకి తిరగండి" అన్నాను. ఇరవై ఒక్కమంది టక్కున కొండల వైపు తిరిగారు. సరదా చేస్తున్నారనుకున్నాను. ఆ సాయంత్రం మా ఆరో తరగతి సింహాద్రి వాళ్లమ్మ వచ్చి లబోదిబోమంది. తూర్పు వైపు తట్టలో ఉన్న రొయ్యలు అమ్మకానికి ఇవ్వరా అంటే, పడమటి తట్టలో ఇంటికోసం దాచుకున్న చందువా చేపలు ఇచ్చి పంపేశాడట. లోవకుమారి నీళ్లకని వెళ్లి పంపుకి బదులు పశువుల శాలకి చేరింది. నేను పడీ పడీ నవ్వాను.

మూడో రోజు నవ్వు ఆగింది.

పైడి బడికి రాలేదు. వెతకడానికి వెళితే, వాళ్లింటికి నలభై అడుగుల దూరంలో, ఊరి బయటి తుమ్మ పొదల దగ్గర నేలమీద కూర్చుని ఉంది. మోకాళ్లు రెండూ గీరుకుపోయాయి. నా అడుగుల చప్పుడు పోల్చుకుని, "మాస్టారూ, ఊరు తిరిగిపోనాది," అంది.

"ఏమైందమ్మా?"

"తూరుపుకే నడిసినాను. నలబై లెక్కెట్టినాను. సముద్రం ఎదురుగా వినపడాల, ఈపు ఎనకాల వినపడతన్నాది. సెవి ఒకేపు, కాలు ఒకేపు లాగుతన్నాయి. కళ్లు తిరిగిపోతే కూకుండిపోనాను."

చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను. పన్నెండేళ్లలో ఆ పిల్ల చెయ్యి ఎవరికైనా ఇవ్వడం అదే మొదటిసారని అప్పలనరసమ్మ ముఖం చూస్తే తెలిసింది.

"ఏటి సేసినారు మాస్టారూ నా గుంటని? దిక్కుమాలిన మిషనెట్టీసి దిక్కుల్లేకుండా సేసినారు గదా!"

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకి చప్పట్లు కొట్టేవాణ్ని. ఆ రోజు తల దించుకుని వచ్చేశాను.

ఫోను చేసిన రెండు గంటల్లో హైమ బయల్దేరింది. వచ్చీ రాగానే సింహాద్రిని వరండాలో నిలబెట్టి అడిగింది.

"నీకు చెప్పులు తొడిగేటప్పుడు, బాగా తెలిసిన గుర్తు ఒకటి తలుచుకోమన్నాను కదా. ఏం తలుచుకున్నావు?"

"సముద్రం."

"నువ్వో?"

"సముద్రమే," అంది లోవకుమారి. ఇరవై ఒక్కమందీ అదే మాట చెప్పారు. హైమ మెల్లగా మెట్టు మీద కూలబడింది.

"మా దగ్గర నూటఎనభై మంది పిల్లల మీద పరీక్షించామన్నయ్యా. అందరూ అపార్టుమెంటు పిల్లలే. లిఫ్టు తలుచుకున్నారు, గేటు తలుచుకున్నారు, బిర్యానీ సెంటరు తలుచుకున్నారు. తూర్పు ఎటురా అని అడిగితే ఫోను తీసి చూసేవాళ్లు. వాళ్ల ఒంట్లో దిక్కులు లేవు, తిరగబడడానికి. వీళ్లకేమో సముద్రమంటేనే తూర్పు. దాన్నే మేకులా కొట్టి చిలీని తగిలించాను. చిలీకి సముద్రం పడమర. ఒకే మేకుకి రెండు దేశాలు. ఇంకేముంది, మేకే తిరిగిపోయింది."

చూపున్న పిల్లలకి మందు సులువుగానే దొరికింది. ముసురు కాస్త విడిచిన నాలుగు రోజులు పొద్దున్నే ఒడ్డుకి తీసుకెళ్లి, నీళ్లలోంచి పైకొస్తున్న సూర్యుణ్ని చూపించి "ఇది తూర్పు" అని అరిపించాం. ఐదో రోజుకి అందరి దిక్కులూ దారికొచ్చాయి. పైడిని కూడా కూర్చోబెట్టాం. పైడి ఎండకేసి ముఖం పెట్టి, ఓపిగ్గా నాలుగు రోజులూ కూర్చుంది.

"ఎండ సెంపకి తగిల్తే నాకు తెల్సిపోతాది మాస్టారూ," అంది చివరికి. "కాలికే, ఎంత సెప్పినా ఇనదు."

రెండు వారాలు గడిచాయి. పైడి గుమ్మం దిగడం మానేసింది. అప్పలనరసమ్మ పొద్దున ఒడ్డుకి వెళుతూ కంచంలో అన్నం పెట్టి, చెంబుని పిల్ల చేతికి తాకించి మరీ వెళ్లేది. "చెంబు ఉత్తరాన ఉంది" అనడం మానేసింది. ఆ ఇంట్లో దిక్కుల పేరెత్తడమే మానేశారు. సాయంత్రం నేను పాఠం చెప్పడానికి వెళితే, పైడి గోడకి ఆనుకుని, మోకాళ్లు ముడుచుకుని ఉండేది. గోడ వదిలితే ఊరు తిరుగుతుందట.

హైమ ఒక ఆదివారం దారి చెప్పింది. పైడి, అమ్మమ్మ, మేమిద్దరం ఆ ఇంటి అరుగు మీదే కూర్చున్నాం.

"యంత్రాన్ని వెనక్కి నడిపిస్తే చిలీ మొత్తం చెరిగిపోతుంది. ఒక్క పూట పని. చిలీ పోతే మేకు మళ్లీ మామూలైపోతుంది."

"సెరిపీయండమ్మా!" అంది అప్పలనరసమ్మ, అడగకుండానే. "మాకేటవుతాది ఆ దేశం? చుట్టాలున్నారా పక్కాలున్నారా!"

"వొద్దు," అంది పైడి.

"ఏటే, వొద్దంటావు? జన్మంతా ఈ అరుగు మీదే కూకుంటావేటి?"

"అందరూ నాకు సెప్తారు అమ్మమ్మా. తాజ్‌మహల్ అలగుంటాది, ఇమానం ఇలగుంటాది అని. అన్నీ ఒకల్లు సెప్పినవే. ఇదొక్కటే నాను సూసినది. దీవులన్నీ నా సేత్తో సేసినాను." పైడి చిటికెనవేలితో అరుగు మీద గీతలు గీసింది. "అది తీసీస్తే నాకు మల్లీ ఏ దేశముంటాది?"

అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హైమ నా వైపు చూసింది. నేను చూరులోంచి కారుతున్న నీళ్లని చూశాను.

కాసేపటికి పైడే అడిగింది.

"మాస్టారూ, సిలీ ఒడ్డు కాడ పడవెక్కి పడమరకి ఎల్లిపోతే ఏటొస్తాది?"

"నీళ్లే తల్లీ. పసిఫిక్ మహాసముద్రం. వేల మైళ్లు నీళ్లే."

"ఆ ఎనకాల?"

"ఆ వెనకాల..." అని ఆగిపోయాను.

ఎందుకంటే, ఇరవై రెండేళ్లుగా నేను గోడకి తగిలిస్తున్న పటంలో ఆ వెనకాల ఏమీ లేదు. పటం అంచు ఉంది. పసిఫిక్‌ని నిలువునా కోసి, ఒక ముక్క ఎడమ అంచున, ఇంకో ముక్క కుడి అంచున అతికిస్తారు. అందరిలాగే నేనూ అక్కడ ఆగిపోయేవాణ్ని. ఆ అంచుని ఎన్నడూ చూడని మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది.

"దీవులొస్తాయి," అన్నాను నెమ్మదిగా. "ఈస్టర్ దీవి, తహితి, ఫిజి. ఇంకా పడమరకి, కాస్త ఉత్తరానికి వాలుతూ పోతే న్యూగినీ. తరువాత ఇండోనేషియా. అక్కడో జలసంధి దాటితే అండమాన్. అది దాటితే బంగాళాఖాతం. అది దాటితే..."

పైడి గోడ వదిలేసి ముందుకి వంగింది.

"అది దాటితే ఒడ్డు. సముద్రం నా ఈపు ఎనకాల ఉంటాది. నాను పడమరకి నడుస్తున్నాను గదా, అంటే నా ఎనకాలున్నది తూరుపు. తూరుపున సముద్రం!" ఊపిరి తీసుకుంది. "మాస్టారూ, అది మన ఒడ్డే!"

హైమ లేచి నిలబడింది. "అన్నయ్యా! రెండు దేశాలకీ ఒకే మేకు అనుకున్నాను. కాదు. రెండు ఒడ్లు, మధ్యలో నీళ్లు. నేను ఆ నీళ్లని ఎగ్గొట్టాను. పిల్లని చిలీలో దించేసి, తిరిగొచ్చే దారి ఇవ్వలేదు."

"అయితే ఆ సముద్రం చెయ్యాలి," అన్నాను.

"పని చేస్తుందో లేదో తెలీదు. వికటిస్తే ఇప్పుడున్నంత కూడా మిగలదు. చిలీ, ఊరు రెండూ కలగాపులగమైపోవచ్చు."

ఈసారి అందరం పైడి వైపు చూశాం. తనకి మా చూపులు కనపడకపోయినా, ఆ నిశ్శబ్దం ఎవరి కోసమో తెలిసింది.

"నడుస్తాను," అంది.

తహితి మీదుగా లెక్కేస్తే చిలీ నుంచి మా ఊరికి దాదాపు ఇరవై వేల కిలోమీటర్లు. మీటరుకి వెయ్యి చొప్పున ఇరవై మీటర్లు. మా వరండా బడికి తూర్పు చివర ఉంటుంది, దాని ముందు ఆటస్థలం పడమరకి పరుచుకుని ఉంటుంది. కొలిస్తే ఇరవై మూడు మీటర్లొచ్చింది. ఇక పసిఫిక్ పని పసివాళ్లు చూసుకున్నారు. ఇరవైమందికి తలో మీటరు పంచాను. తట్టలతో ఒడ్డు నుంచి తడి ఇసుక మోశారు. తొడుగులు ఒక్క జతే కావడంతో వంతులు వేసుకున్నారు.

"మాస్టారూ, నాకు అన్యాయం జరిగింది," అని లోవకుమారి ముక్కు ఎగబీల్చింది. "సింహాద్రికి ఈస్టర్ దీవొచ్చింది. నా ఆరో మీటర్లో ఏటీ నేదు, ఉత్త నీళ్లే!"

"నీళ్లు లేకపోతే సముద్రమెలా అవుతుందే?"

"ఉత్త నీళ్లు ఎలగ సెయ్యాల?"

"నీకు ఎలా తెలిస్తే అలాగే చెయ్యి."

ఆ పిల్ల మధ్యాహ్నమంతా బోర్లా పడుకుని, వెయ్యి కిలోమీటర్ల నీళ్లని వేళ్లతో దువ్వింది. అలలన్నీ ఒకే ఎత్తున, జోల పాడినట్టు.

మర్నాడు కూడా వాన తెరిపిచ్చింది. పైడిని నేను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. హైమ చెప్పులు తొడిగింది, పట్టీ కట్టింది. పెదాలు కదుపుతోంది. మా చెల్లెలికి దేవుడు గుర్తుకు రావడం అరుదు. అప్పలనరసమ్మ ఆటస్థలం అటు చివర, మా ఊరి ఒడ్డుగా పోసిన ఇసుక గట్టు మీద కూర్చుంది. పిల్లలందరూ తమ తమ మీటర్ల పక్కన గొంతుక్కూర్చున్నారు.

పైడి చిలీ ఒడ్డు నుంచి దిగింది.

మొదటి మూడడుగులు తడబడింది. చెప్పులు అలల్లా ఊగుతున్నాయి. నాలుగో మీటరు దగ్గర, "దీవి," అంది. సింహాద్రి నోరు రెండు చేతులతో మూసుకున్నాడు. ఆ తరువాత ఆగిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. నిజమైన సముద్రం హోరు వరండా వెనక నుంచి వస్తోంది, చెవి వెనక్కి లాగుతోంది, కాలు ఇంకోవైపు లాగుతోంది. హైమ పట్టీ విప్పడానికి ముందుకి ఉరికింది.

"ఉండండి," అంది పైడి. నెమ్మదిగా ఇంకో రెండడుగులు వేసి, ఆరో మీటరులో నిలబడింది. ఊపిరి పీల్చింది, వదిలింది. అలా ఎంతసేపో. "ఇక్కడ బావుంది. ఏటీ నేదు. ఒక్కొక్కటీ సర్దుకుంటన్నాను."

లోవకుమారి ఏడ్చేసింది.

తహితి దాటింది. ఫిజి దాటింది. ఇండోనేషియా దీవుల మధ్య పాదాన్ని పక్కకి తిప్పి, సందులోంచి తప్పించుకుంది. అండమాన్‌కి "దండం" పెట్టింది. ఇరవయ్యో మీటరు చివర కాలు గట్టు ఇసుకకి తగిలింది. ఎక్కి నిలబడింది.

నా గొంతు నాకే వినపడనంత మెల్లగా అడిగాను.

"పైడీ, సముద్రం ఎక్కడుంది?"

"నా ఈపు ఎనకాల."

"ఆ వైపుని ఏమంటారు?"

అప్పలనరసమ్మ చేతులు రెండూ కలిపి పట్టుకుంది. వరండా అవతల అల ఒకటి విరిగి, మరొకటి విరిగింది.

"తూరుపు," అంది పైడి. నుదుటి పట్టీ తనే విప్పేసుకుంది. ఉత్తరానికి తిరిగింది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాకా నడిచింది. అక్కడ నిలబడి వెనక్కి కేకేసింది. "మాస్టారూ! సిలీ కూడా ఉంది! అలగే ఉంది, సముద్రం అవతల!"

నివేదికలో హైమ అంతా రాసింది. నూటఎనభై మంది పిల్లల గురించి రెండు వాక్యాలు, పైడి గురించి పదకొండు పేజీలు. "లోపం పిల్లల్లో లేదు, మేం అడిగిన ప్రశ్నలో ఉంది" అని ముగించింది. పాదపటాన్ని బడులకి పంచడం ఆపేశారు. ఐదేళ్ల పని మళ్లీ బల్ల మీదికొచ్చింది. బాధగా ఉందా అంటే, "ఈసారి సముద్రాలు కూడా చెయ్యాలి, టైము పడుతుంది," అంది. అడిగితే జోకు కూడా చెప్పనిచ్చేది, నేనే అడగలేదు.

పైడి ఇప్పుడు మునుపటిలాగే ఊరంతా తిరుగుతోంది. మునుపటిలాగే అంటే పూర్తిగా కాదు. ఎవరైనా దిక్కు చెబితే వెంటనే కదలదు. ఒక్క క్షణం ఆగుతుంది. హైమ అది పోదంది, ఎప్పటికీ ఉండొచ్చంది.

మొన్న ఒడ్డున నేను చూస్తుండగానే, పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె తొందరపడుతూ, "పడమటేపు తట్టలో సావిడాయి సేపలు తియ్యవే పిల్లా," అంది. పైడి చెయ్యి లేచి గాలిలో ఆగింది. ఆమె విసుక్కోబోయింది.

అప్పలనరసమ్మ చేపని తిరగేస్తూ, తల కూడా ఎత్తకుండా అంది.

"ఒక్క చనం ఆగమ్మా. గుంట సముద్రం మీదుంది. ఒచ్చీస్తాది."